బెంగ

పగలంతా నేను పురుగు మందులు అమ్ముతాను.
పర్లాకిమిడి బజారులో, మూడు మెట్లెక్కితే కొట్టు.
"వంకాయకి పుచ్చు పట్టింది" అంటాడొకడు తెలుగులో,
"పోక లాగిచి" అంటాడింకొకడు ఒడియాలో.
రెండు భాషలకీ ఒకటే సీసా,
పైన ఎర్ర ముక్కోణం, పుర్రె బొమ్మ.

సాయంత్రం మూడుసార్లు చేతులు కడుక్కుని
ఇంటి వెనక్కి వెళ్తాను.
ఎనిమిదడుగుల వెడల్పు, పదహారు పొడుగు,
నాలుగు వంగ మొక్కలు, ఒక ఆనప పాదు.
అక్కడ ఏ మందూ కొట్టను.
మిఠాయి కొట్టువాడు ఇంట్లో లడ్డు తింటాడా అని
అడిగినవాళ్ళతో నవ్వేస్తాను.
అది నిజం కాదు.

నిరుడు ఆషాఢంలో
మహేంద్రగిరి మీంచి మొదటి వాన దిగిన రాత్రి
వాన ఒక్కటే చెప్పుకుపోతోంది,
ఊ కొట్టేవాళ్ళు లేరు.
"కప్పలేవి నాన్నా?" అంది చిన్నది.
ఆ ఏడాది ఎన్ని లీటర్లు అమ్మానో
నాకు అంకెతో సహా తెలుసు.

సంతరోజున కొండచీపుర్లు దింపే అసంతి గమాంగోని
కప్పల్ని ఎలా పిలవాలని అడిగాను.
వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.
"పిలవడాలేటి? పొమ్మనకపోతే చాలు."
తర్వాత, చీపుర్లమ్మేదే చెప్పింది:
"ఆకులు ఊడవకు."

ఊడవలేదు.
మునగ రెబ్బలు మూలకి చేరి కుళ్ళుతుంటే కుళ్ళనిచ్చాను.
అడుగు పగిలిన కుండని సగం పాతి
మూతి నీడ వైపు తిప్పాను.
వీపు కాచుకునే తొండకి బండరాళ్ళు,
నక్కి బతికే నలికిరికి ఇటుకల సందులు,
పెంకు ముక్కలో నీళ్ళు,
దిగినవాళ్ళు ఎక్కిరావడానికి అందులో ఒక రాయి.
ప్రహరీ అడుగున గునపంతో
పిడికిలి పట్టేంత కన్నం.

పక్కింటి రథ్ మాస్టారు వచ్చారు.
"కప్పొస్తే పామొస్తుంది. పామొస్తే నువ్వొస్తావా?"
అటునుంచి ఒక ఇటుక అడ్డం పెట్టారు.
నేను తీశాను. ఆయన పెట్టారు.
ఆరు రోజులు మా మధ్య ఆ ఇటుకే మాట.

ఢిల్లీశ్వరి పంచాంగంలో బల్లిశాస్త్రం తీసింది.
తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి.
"కావాలని పిలిస్తే ఏం ఫలమో
ఇందులో లేదు" అంది.
లేదు మరి.
రాయాలంటే ముందు ఎవరో పిలవాలి కదా.

శ్రావణం వెళ్ళిపోయింది. కుండలో సాలీడు చేరింది.
సగం కాయలు పుచ్చిపోయాయి.
కొట్లో నా చెయ్యి రెండుసార్లు
చిన్న సీసా దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

ముందు తొండ వచ్చింది.
బండ మీద నిలబడి తల ఎగరేస్తూ
ఈ జాగా ఎవరి పేరున ఉందో
తేల్చడానికొచ్చిన అమీనులా
"ఏటి?" అన్నట్టు చూసింది.
నేనే పక్కకి తప్పుకున్నాను.

భాద్రపదంలో ఒక రాత్రి, వాన, కరెంటు లేదు.
కుండలోంచి ఒక గొంతు,
నూనె లేని గిలక తిరిగినట్టు.
ఆగింది.
గోడ అవతల, మాస్టారి వైపునుంచి, బదులు.
చిన్నది నిద్రలోంచి లేచి
"బెంగ!" అంది.
బడిలో నేర్చుకున్న ఒడియా మాట, కప్పని.
ఢిల్లీశ్వరి తెలుగులో విని ఉలిక్కిపడి
"ఎవరి మీదే బెంగ?" అని దగ్గరికి లాక్కుంది.
కుండ మళ్ళీ అరిచింది.
ఇద్దరిలో ఎవరి మాటా నేను దిద్దలేదు.

తెల్లారి చూస్తే కన్నంలో ఇటుక లేదు.
నేను తీయలేదు.

పది గంటలకి కొట్టు తెరిచాను.
ఉప్పలాడ నుంచి ఒక కుర్రాడు, వరికి దోమపోటు.
"మీ మళ్ళో కప్పలు అరుస్తున్నాయా?" అన్నాను.
యజమాని బల్ల మీంచి తలెత్తాడు.
అర లీటరు చాలన్నాను. లీటరే కావాలన్నాడు.
ఇచ్చాను.

ఆ సాయంత్రం చేతులు
నాలుగుసార్లు కడుక్కున్నాను.